బొగ్గుపొర వాలు, రెండు మార్కుల ప్రశ్న: గోదావరిఖని నేపథ్యంలో ఇంటర్ గణితం బలాబలాలు

తెలంగాణ ఇంటర్మీడియట్ ఎంపీసీలో గణితానికి నాలుగు పేపర్లు. మొదటి సంవత్సరం 1ఏ, 1బీ. రెండో సంవత్సరం 2ఏ, 2బీ. ఒక్కో పేపరుకు 75 చొప్పున, వెయ్యి మార్కుల కోర్సులో 300 మార్కులు గణితానివే. ఫిజిక్సు, కెమిస్ట్రీ కలిపితే ఎన్ని మార్కులో గణితం ఒక్కదానికే అన్ని మార్కులు. ఫిజిక్సుకూ కెమిస్ట్రీకీ ప్రాక్టికల్స్ మొదటినుంచీ ఉన్నాయి. 2023–24 నుంచి ఇంగ్లిషుకూ ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. గణితానికి మాత్రం లేదు.

ఈ కోర్సు బరువెక్కువైందనీ, పిల్లలు మోయలేకపోతున్నారనీ, సిలబస్ తగ్గించాలనీ తరచూ వినిపిస్తుంది. ఈ వ్యాసం వాదన వేరు. ఇంటర్ గణితానికి ఉన్న అసలు బలం దాని లోతే. లోపం పాఠ్యాంశాల్లో లేదు, వాటి మీద అడిగే ప్రశ్నల్లో ఉంది. ఈ సంగతిని పరిశీలించడానికి గోదావరిఖని, రామగుండం బొగ్గుగనుల ప్రాంతాన్ని తీసుకోవడానికి కారణం ఉంది. ఇంటర్ గణితంలోని చాలా అధ్యాయాలు ఇక్కడ భూమి కింద రోజూ మూడు షిఫ్టులూ పని చేస్తున్నాయి. అదే ఊళ్లో ఆ అధ్యాయాలు చదివే విద్యార్థికి ఆ సంగతి తెలిసే మార్గం కోర్సులో ఎక్కడా లేదు.

ఇక్కడి గనులను నడిపే సింగరేణి కాలరీస్‌లో రాష్ట్ర ప్రభుత్వ వాటా 51 శాతం, కేంద్రం వాటా 49 శాతం. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇవాళ సగం కూడా లేదు. తట్టా చెమ్మసూ పట్టి చేతులతో బొగ్గు ఎత్తిన తరం పోయి యంత్రాల తరం వచ్చింది, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. తండ్రి బాయి (గని) పని చేస్తే కొడుకుకూ అందులోనే ఏదో ఒక పని దొరుకుతుందన్న భరోసా ఒకప్పటిది. ఇప్పుడు క్వార్టర్లలో పెరిగే పిల్లలకు సింగరేణిలోకైనా, ఎన్టీపీసీలోకైనా, బయటి ప్రపంచంలోకైనా దారి ఎక్కువగా డిప్లొమా, బీటెక్‌ల మీదుగానే పోతుంది. ఆ రెండింటి గుమ్మం దగ్గరా గణితమే నిలబడి ఉంటుంది. కాబట్టి ఈ ప్రాంతంలో గణిత బోధన ఎట్లా ఉందన్నది బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న.

ముందుగా బలాలు చూద్దాం. పదిహేడేళ్లు నిండకముందే విద్యార్థి అవధులు, అవకలనం, మాత్రికలు, సదిశలు, త్రిపరిమాణ జ్యామితి చదువుతాడు. మరుసటి ఏడాది సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత, శాంకవాలు, సమాకలనం, అవకల సమీకరణాలు. డిమోయర్ సిద్ధాంతం, సమీకరణవాదం, వృత్త సరణులు, సరళరేఖాయుగ్మాలు ఇక్కడ విడి అధ్యాయాలు. జాతీయ పాఠ్యప్రణాళికలో వీటికి ఇంత చోటు లేదు. సెంటినరీ కాలనీలోని జేఎన్టీయూ మంథని ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన విద్యార్థికి మొదటి ఏడాదిలో ఎదురయ్యేవి మళ్లీ మాత్రికలూ కలన గణితమే. ఇంటర్‌లో వాటిని నిజంగా నేర్చుకున్నవాడికి అక్కడ అవి పాత పరిచయాలు.

రెండో బలం రాతపరీక్ష. ఏడు మార్కుల ప్రశ్నకు జవాబు రాయడమంటే ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు, ఎందుకో చెబుతూ ఎక్కడం. చివరి జవాబు తప్పినా దారి సరిగా ఉంటే మార్కులు పడతాయి. వాదనను కాగితం మీద నిలబెట్టడం నేర్పే పద్ధతి ఇది. దీన్ని వదులుకోకూడదు.

ఇక లోపం దగ్గరికి వద్దాం. 1బీలో సమతలం అనే చిన్న అధ్యాయం ఉంది. పరీక్షలో సాధారణంగా దాని వంతు ఒక్క రెండు మార్కుల ప్రశ్న. అంతరఖండాలు ఇచ్చి సమీకరణం రాయమంటారు, లేదా సమీకరణం ఇచ్చి అంతరఖండాలు చెప్పమంటారు. విద్యార్థి అర నిమిషంలో రాసి ముందుకు పోతాడు. భూమి లోపలి బొగ్గుపొర ఒక పరిమిత ప్రాంతంలో దాదాపు ఒక సమతలమని, మూడు బోర్‌హోళ్ల లోతులతో ఆ పొర వాలు మొత్తం తెలిసిపోతుందని అతనికి ఎవరూ చెప్పరు.

ఒక ఉదాహరణ కట్టుకుందాం. నేల చదునుగా ఉందనుకోండి. ఒకచోట బోరు వేస్తే 100 మీటర్ల లోతున బొగ్గు తగిలింది. అక్కడినుంచి తూర్పుకు 500 మీటర్ల దూరంలో 175 మీటర్ల లోతున, మొదటి బోరుకే ఉత్తరాన 500 మీటర్ల దూరంలో 200 మీటర్ల లోతున అదే పొర దొరికింది. అంటే తూర్పుకు ప్రతి 100 మీటర్లకూ పొర 15 మీటర్లు దిగుతోంది, ఉత్తరానికి 20 మీటర్లు. మరి పొర అన్నిటికన్నా నిటారుగా దిగేది ఏ దిక్కుకు? ఆ తలానికి లంబంగా ఉండే రేఖ దిక్ సంఖ్యలు 3, 4, 20 అని వస్తాయి. తూర్పుకు మూడు అడుగులు, ఉత్తరానికి నాలుగు అడుగులు వేసే దిశలో ప్రతి 100 మీటర్లకు 25 మీటర్ల దిగుడు. గని భాషలో 1 ఇన్ 4 గ్రేడియంట్, కోణం సుమారు 14 డిగ్రీలు. ఆ దిశలో తవ్వే దారి డిప్. దానికి లంబంగా, ఎత్తు మారకుండా పోయే దారి లెవెల్. నీళ్లు ఎటు చేరతాయో, పంపులు ఎక్కడ పెట్టాలో, బొగ్గు టబ్బులను ఏ తాడు లాగాలో ఈ లెక్కనుంచే మొదలవుతుంది. డిప్, లెవెల్ అన్న మాటలు గోదావరిఖనిలో బడికి పోని తాతలకు కూడా తెలుసు. సమతలం సమీకరణం రాయగలిగిన మనవడికి తన సమీకరణమూ తాత చెప్పే ఆ మాటలూ ఒకే సంగతి గురించేనని తెలియదు. ఇది మార్కుల పట్టికలో కనిపించని నష్టం.

ఇంకో అధ్యాయం చూడండి. అవకలజాల అనువర్తనాల్లో దోషాలు, ఉజ్జాయింపులు అనే భాగం ఉంది. ఘనం భుజం ఇంత శాతం పెరిగితే ఘనపరిమాణం సుమారుగా ఎంత శాతం పెరుగుతుందన్నది అక్కడి పాత ప్రశ్న. మూడింతలు అని రాస్తే మార్కులు వచ్చేస్తాయి. గని వెంటిలేషన్‌లో కూడా ఇదే ఘనం ఉంది. గాలి మార్గాలు మారనంతవరకు, కావలసిన పీడనం గాలి పరిమాణం వర్గానికి అనుపాతంలో ఉంటుందని ఇంగ్లండులో జాన్ అట్కిన్సన్ 1854లోనే సూత్రీకరించాడు. పీడనాన్ని సెకనుకు పారే గాలి పరిమాణంతో గుణిస్తే సామర్థ్యం (పవర్) వస్తుంది కాబట్టి, సామర్థ్యం గాలి పరిమాణం ఘనానికి అనుపాతం. గాలి పది శాతం పెంచాలంటే ఉజ్జాయింపుగా 30 శాతం, కచ్చితంగా 33.1 శాతం సామర్థ్యం ఎక్కువ కావాలి. పావు వంతు పెంచాలంటే దాదాపు రెట్టింపు. బొగ్గు తవ్వే కొత్త ఫేస్‌కు గాలి చాలడం లేదంటే ఫ్యాను వేగం పెంచితే సరిపోతుందా, లేక గాలి దారినే వెడల్పు చేయాలా అన్న నిర్ణయం ఈ ఘనం మీద ఆధారపడి ఉంది. అక్కడ మనుషుల ఊపిరి ఉంది. ఆ 3.1 శాతం తేడా ఎక్కడినుంచి వచ్చిందో, ఉజ్జాయింపును ఎంతవరకు నమ్మవచ్చో అడిగే ప్రశ్నను ఇంటర్ పేపరులో చూడలేం. నా దృష్టిలో ఆ అధ్యాయం సారమే అది.

సమాకలనంలోనూ ఇదే తీరు. 2బీలో ప్రతి ప్రమేయమూ ఒక సూత్రంగానే వస్తుంది. ఓపెన్‌కాస్టులో తీసిన మట్టి ఎన్ని ఘనపు మీటర్లో తేల్చే సర్వేయర్‌కు సూత్రం ఉండదు. నిర్ణీత దూరాల్లో కొలిచిన అడ్డుకోతల వైశాల్యాల పట్టిక ఉంటుంది. ఆ పట్టికనుంచి ఘనపరిమాణం రాబట్టడమే అక్కడ సమాకలనం. కొలతల పట్టికనుంచి ఉజ్జాయింపుగా సమాకలనం చేసే పద్ధతులు మన పుస్తకంలో లేవు. అమెరికా హైస్కూళ్లలో 1950ల నుంచి నడుస్తున్న అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్‌లో పట్టిక ఇచ్చి అంచనా వేయమనడం, వచ్చిన సంఖ్యకు ప్రమాణాలతో సహా అర్థం చెప్పమనడం మామూలు. మెళకువల విషయంలో మన 2బీ ఆ కోర్సుకు తీసిపోదు, కొన్నిచోట్ల మించుతుంది కూడా. జవాబుకు అర్థమేమిటని అడగడంలోనే వెనకబడింది.

ప్రశ్నపత్రం నిర్మాణం ఈ లోపాన్ని పెంచుతోంది. రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఏడింటిలో ఐదు, ఏడు మార్కులవి ఏడింటిలో ఐదు. పేపరులో ఉన్న ప్రశ్నల విలువ 97 మార్కులు, రాయాల్సింది 75కు. 22 మార్కుల మేర వదిలేయవచ్చు. ఏ అధ్యాయం నుంచి ఎన్ని మార్కులు వస్తాయో అందరికీ ముందే తెలుసు. 1ఏలో మాత్రికలు బాగా చదివితే చాలు, పాస్‌కు కావలసిన 26లో చాలా భాగం అక్కడే దొరుకుతుంది. గణితానుగమనం ఏడు మార్కులకు ఖాయం కాబట్టి నాలుగైదు లెక్కలు బట్టీ పడతారు. ఒక వాదన అన్ని సహజ సంఖ్యలకూ ఎందుకు నిలబడుతుందో నేర్పవలసిన అధ్యాయం చివరికి అప్పజెప్పే పద్యమవుతోంది. తప్పు విద్యార్థిది కాదు, అధ్యాపకుడిదీ కాదు. ఏది అడుగుతారో తెలిసినప్పుడు అదే చదువుతారు, అదే చెబుతారు.

దీనికి తోడు ప్రవేశపరీక్ష. ఎంసెట్, 2024 నుంచి ఈఏపీసెట్, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. వాటిలో 80 గణితానివి. సగటున ప్రశ్నకు 67.5 సెకన్లు. ఇంటర్‌లో ఏడు మార్కుల ప్రశ్నకు మార్కుల లెక్కన దాదాపు 17 నిమిషాలు. ఒకటి వేగాన్ని కోరుతుంది, ఇంకోటి వాదనను. ర్యాంకులో ఇంటర్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీని రాష్ట్రం 2023లో శాశ్వతంగా ఎత్తేసింది. బోర్డుల మధ్య తేడాల వల్ల అన్యాయం జరగకూడదన్న ఉద్దేశం సరైనదే. అయినా ఆ నిర్ణయంతో మెట్టుమెట్టుగా రాసే నేర్పుకు ర్యాంకులో విలువ లేకుండా పోయింది. హైదరాబాదు హాస్టళ్లకు ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలకు వేగం నేర్పేవాళ్లున్నారు. ఊళ్లోనే ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివే కాంట్రాక్టు కార్మికుడి బిడ్డకు వేగం నేర్పేవాళ్లూ లేరు, రాతలోని నేర్పుకు ర్యాంకులో విలువా లేదు.

ఆంధ్రప్రదేశ్ 2025–26 నుంచి రెండు గణితం పేపర్లను కలిపి ఏడాదికి ఒకే వంద మార్కుల పేపరు చేసింది. భారం తగ్గుతుంది, కానీ ప్రశ్నల స్వభావం మారకపోతే తక్కువ సిలబస్‌ను అదే విధంగా బట్టీ పట్టడమే మిగులుతుంది.

బోర్డుకు నేను చేసే సూచన పెద్దదేమీ కాదు. ప్రతి పేపరులో ఒక ఏడు మార్కుల ప్రశ్న కొలతల పట్టికతో ఉండాలి, దానికి చాయిస్ ఉండకూడదు. ఇంగ్లిషుకు ఇచ్చినట్టే గణితానికీ 20 మార్కుల ప్రాక్టికల్ ఇవ్వాలి. రామగుండం ప్రాంతంలో దానికి కొత్త ల్యాబు కట్టనక్కరలేదు. ప్రతి గనికీ సర్వే విభాగం ఉంది, పాత గనుల ప్లాన్లు ఉన్నాయి, రిటైరైన సర్వేయర్లూ ఓవర్‌మన్లూ యైటింక్లయిన్ కాలనీలోనూ గోదావరిఖనిలోనూ ఉన్నారు. భద్రత దెబ్బతినని పాత బోర్‌హోల్ లెక్కలను, వెంటిలేషన్ రీడింగులను సింగరేణి యాజమాన్యం స్థానిక జూనియర్ కాలేజీలకు ఇవ్వాలి. గణిత అధ్యాపకులు వచ్చే విద్యాసంవత్సరంలో సమతలం అధ్యాయాన్ని మూడు బోర్లతో మొదలుపెట్టి చూడాలి. అందుకు బోర్డు అనుమతి కూడా అవసరం లేదు.