గడప దాటించిన పరీక్ష

అమెరికాలో తెలుగువారి చరిత్ర చెప్పుకునేటప్పుడు గుళ్ళు, సంఘాలు, సభలు గుర్తుకు వస్తాయి. మా డాక్టర్లకు మాత్రం అన్నిటికన్నా ముందు గుర్తుకు వచ్చేది ఒక పరీక్ష. ఆ గడప దాటకుండా ఈ దేశంలో రోగి చెయ్యి పట్టుకునే హక్కు లేదు.

విదేశాల్లో చదివిన వైద్యుల అర్హతను నిర్ణయించడానికి ఇ.సి.యఫ్.యం.జి. అనే సంస్థ 1956లో ఏర్పడింది. తొలి పరీక్ష 1958 మార్చిలో జరిగింది. 75 మార్కులు రావాలి, ఇంగ్లీషు పరీక్ష కూడా నెగ్గాలి. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను తొలగించింది. దానితో విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాదు, కర్నూలు, కాకినాడ, వరంగల్లు వైద్య కళాశాలల్లో చదివిన ఎందరో ఇటు చూశారు.

మేము చదువు రానివాళ్ళం కాము. కాని మన కళాశాలల్లో పరీక్ష అంటే వ్యాసాలు, రోగి మంచం పక్కన నిలబడి చెప్పే వైవా. ఇక్కడ ఒక ప్రశ్నకు అయిదు జవాబులిచ్చి, సరైన దాని గడిని పెన్సిలుతో నింపమన్నారు. పేజీలకు పేజీలు రాసిన చేతికి ఆ చిన్న గడే బరువయింది. మందుల పేర్లూ మారాయి: పారాసెటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్, ఎడ్రినలిన్ ఇక్కడ ఎపినెఫ్రిన్.

1970లలో మనవారు ఈ పరీక్ష కోసం కొలంబో, కౌలాలంపూర్, సింగపూర్ వెళ్ళవలసి వచ్చింది. విదేశీ మారకద్రవ్యం దొరకని రోజులు. ముందుగా అమెరికా చేరిన స్నేహితుడు డాలర్లలో ఫీజు కట్టేవాడు, ఊళ్ళో నాన్నగారు అప్పు చేసి టిక్కెట్టు కొనేవారు. ఆ తరువాత ఫిలడెల్ఫియా కవరు కోసం ఇంటిల్లిపాదీ పోస్టుమాన్ దారి చూడడమే.

1976 చట్టం తలుపు మరికొంత మూసింది. 1977 నుంచి వలస వచ్చే డాక్టర్లకు రెండు రోజుల వి.క్యు.ఇ. పెట్టారు. 1984లో యఫ్.యం.జి.ఇ.యం.యస్. వచ్చింది. లైసెన్సుకు మూడు రోజుల ఫ్లెక్స్ వేరే ఉండేది. 1992-94 మధ్య వీటన్నిటి స్థానంలో యు.యస్.యం.ఎల్.ఇ. వచ్చింది.

ఇన్ని పేర్లు మారినా తట్టుకున్న పద్ధతి ఒక్కటే. ఒక అపార్టుమెంటులో నలుగురం ఉండేవాళ్ళం. ఒకే పుస్తకాన్ని నాలుగు భాగాలుగా విడదీసి వంతులవారీగా చదివాము. ఒకరు పప్పు తాలింపు వేస్తుంటే ఇంకొకరు ప్రశ్నలు అడిగేవారు. నైట్ డ్యూటీ నుంచి వచ్చినవాడు నిద్రపోకుండా మంచినీళ్ళు మొహాన చల్లుకుని కూర్చునేవాడు.

నెగ్గినవారి ఫొటోలు సావనీర్లలో ఉన్నాయి. నెగ్గనివారి సంగతో? మన ఊళ్ళో వందలమంది రోగులను చూసిన మాలో ఒకరు, మూడుసార్లు తప్పి, ఆసుపత్రి లేబరేటరీలో రక్తం సీసాలకు చీటీలు అంటించారు. ఇంటికి రాసే ఉత్తరంలో మాత్రం "ఆసుపత్రిలోనే పని చేస్తున్నాను" అని రాసేవారు. అది అబద్ధం కాదు. ఇక మా ఇళ్ళలోని ఆడ డాక్టర్లు! భర్త పరీక్ష ముందు, తమ పరీక్ష తరువాత. వంట, పసిపిల్లలు, మధ్యలో ఎనాటమీ. ఆ "తరువాత" కొందరికి పదేళ్ళయింది, కొందరికి రానేలేదు. మేము దాటిన గడప ఎత్తులో వారి భుజాల వంతు ఎంతో మేము ఏ సభలోనూ చెప్పలేదు. ఆ తప్పు మాది.

క్లినికల్ స్కిల్స్ పరీక్షను 2021లో ఎత్తివేశారు. 2022 నుంచి మొదటి స్టెప్పుకు మార్కులు లేవు, నెగ్గడమో తప్పడమో అంతే. అయినా మనలో ఎవరింటి బేస్‌మెంటులోనో ఇప్పటికీ ఒక అమ్మాయో అబ్బాయో అర్ధరాత్రి దాకా చదువుతూనే ఉన్నారు. వారిని "ఎన్ని మార్కులు?" అని అడగవద్దు. "అన్నం తిన్నావా?" అని అడుగుదాం. మొదటిసారి తప్పిన మన కథ కూడా దాచకుండా చెబుదాం. నాడు మనకు ఫీజు కట్టిన స్నేహితుడి బాకీ తీరే దారి అదే.