రాజ్యాంగంలో ఒక్క మాట, కోర్టు చెప్పిన అర్థం

"మేడం, రాజ్యాంగంలో అంతా రాసే ఉంది కదా, మళ్లీ కోర్టు చెప్పేదేముంది?" హాస్టల్లో పౌరశాస్త్రం చదివే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు మన గిరిజనుల చరిత్రలోనే ఉంది.

ముందు కోర్టుల వరుస తెలుసుకుందాం. అమెరికాలో రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వాలు వేరైనా న్యాయవ్యవస్థ మాత్రం ఒక్కటే నిచ్చెన. బోధన్ కోర్టు, దానిపైన నిజామాబాద్ జిల్లా కోర్టు, ఆపైన హైదరాబాద్‌లో హైకోర్టు, చివరి మెట్టు ఢిల్లీలో సుప్రీంకోర్టు. ప్రాథమిక హక్కులకు భంగం కలిగితే 226వ అధికరణం కింద హైకోర్టుకు, 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. సుప్రీంకోర్టు చెప్పిన న్యాయసూత్రం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యమని 141వ అధికరణం చెబుతుంది. రాజ్యాంగానికి అర్థం చెప్పాల్సిన ముఖ్యమైన ప్రశ్న వస్తే కనీసం అయిదుగురు న్యాయమూర్తులు కూర్చోవాలి.

ఇక అసలు కథ. ఏజెన్సీలో గిరిజనుల భూమి పరాయి చేతుల్లోకి పోకుండా 1959లో ఒక నిబంధన వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకీ వర్తింపజేశారు. 1970లో మరింత బిగించి, అక్కడి భూమిని ఏ "వ్యక్తి" అయినా గిరిజనేతరులకు బదిలీ చేస్తే చెల్లదన్నారు. అయినా విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల, ప్రభుత్వమే ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చింది. "సమత" అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది.

అక్కడ తేలాల్సిన ప్రశ్న చూడటానికి చాలా చిన్నది. "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉందా, లేదా? 1997 జూలై 11న జస్టిస్ కె. రామస్వామి ధర్మాసనం 2-1 మెజారిటీతో ఉందని తీర్పు చెప్పింది. గిరిజనుల భూమిని కాపాడటానికే అయిదో షెడ్యూలు పుట్టింది కాబట్టి, ఆ ఉద్దేశానికి తగ్గట్టే మాటకు అర్థం చెప్పుకోవాలన్నది. ప్రభుత్వ భూమినైనా ఏజెన్సీలో గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. చట్టంలో అక్షరం మారలేదు. అర్థం తేలింది, లీజులు పోయాయి.

అయితే కోర్టు ప్రతిసారీ మనవైపే చూస్తుందనుకోకూడదు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో జీవో నంబరు 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ సూత్రానికి విరుద్ధమన్నది. అయిదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారం అంతవరకు పోదన్నది. అప్పటికే చేరిన టీచర్ల ఉద్యోగాలను షరతు మీద నిలబెట్టింది. 1997లో విశాలంగా చదివిన అయిదో షెడ్యూలునే 2020లో ఇరుకుగా చదివింది. అందుకే ఏ తీర్పునైనా వినికిడితో వదిలేయకుండా, కోర్టు చెప్పిన కారణాలు చదవాలి.

మరి మన నిజామాబాద్ తండాల సంగతేమిటి? ఇక్కడ మనవాళ్లలో చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నిజామాబాద్ జిల్లా షెడ్యూల్డు ప్రాంతంలో లేదు. సమత తీర్పు మన తండా భూములకు నేరుగా వర్తించదు. ప్రభుత్వం పంచిన అసైన్డు భూమి ఉంటే దాని అమ్మకాన్ని నిషేధించే 1977 చట్టం అండగా ఉంది. పట్టా కాగితం ఏ రకానిదో చూసుకున్నాకే మాట్లాడాలి.

కోర్టుకు అందని హద్దులు కూడా ఉన్నాయి. బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ చెరుకు తోటల్లో మన తాతలు కూలికి పోయిన రోజుల్లో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలో లేరు. 1976లో పార్లమెంటు చేసిన చట్టంతోనే చేరారు. ఆ జాబితాలో ఒక్క పేరు కలపాలన్నా, తీయాలన్నా 342వ అధికరణం ప్రకారం పార్లమెంటుకే అధికారమని, విచారణ జరిపి మార్చే పని కోర్టుది కాదని 2000లో మిలింద్ కేసులో సుప్రీంకోర్టే స్పష్టం చేసింది. కాబట్టి ఏ పనికి కోర్టుకు పోవాలో, ఏ పనికి ఎమ్మెల్యే, ఎంపీల గడప తొక్కాలో మనకు తెలిసి ఉండాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరూ అడగకుండా కోర్టు తనంతట తాను అర్థం చెప్పడం చాలా అరుదు. బొర్రా కొండల్లో ఎవరో అడిగారు కాబట్టే "వ్యక్తి" అన్న మాటకు అర్థం తేలింది. అడగడానికి డబ్బు లేదని వెనుకాడకండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలునిస్తారు. నిజామాబాద్‌లో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు చాలు. మీ తండాలో ఈ సంగతి తెలియని వాళ్లుంటే, ఈ వారమే చెప్పండి.