మరక పేరు, మరక కారణం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వడ్ల కల్లాల్లో ఇంగ్లీషు మాట

మురికినీ మరకనూ చెప్పే ఇంగ్లీషు మాటలు మనవాళ్లకు సాధారణంగా బడిలో పరిచయమవుతాయి. మాసిన చొక్కా అయినా, బురద కాళ్లయినా, జిడ్డు గిన్నె అయినా అక్కడ 'డర్టీ' అన్న ఒక్క మాటతో పని గడిచిపోతుంది. అయితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈ తరహా మాటలు పాఠ్యపుస్తకం దాటి డబ్బు లెక్కలోకీ, ఒంటి లెక్కలోకీ వచ్చాయి. ఈ వ్యాసం వాటిని రెండు చోట్ల పరిశీలిస్తుంది: వడ్ల కొనుగోలు కేంద్రంలో, పళ్ల డాక్టరు చీటీలో. మొదటిదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఏటా రెండు పంటలకూ రైతు దాన్ని ఎదుర్కోవాల్సి వస్తోంది కాబట్టి.

ఈ మూడు పట్టణాలూ 2016 అక్టోబరు 11 దాకా నల్లగొండ జిల్లాలోవే. జిల్లాల పునర్విభజన తర్వాత సూర్యాపేట, కోదాడ సూర్యాపేట జిల్లాకు వెళ్లాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు వరి విస్తరించింది. దాని వెంటే రైసుమిల్లులు పెరిగాయి. వరి మీద ఇంతగా ఆధారపడ్డ చోట గింజ రంగును చెప్పే మాటకు విలువ ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వం వడ్ల సేకరణకు ప్రకటించే నాణ్యతా ప్రమాణాలను చూడండి. ఇటీవలి సీజన్ల ప్రమాణాల ప్రకారం తేమ 17 శాతం మించకూడదు. ఇసుక, రాళ్లు, మట్టి లాంటి 'ఇనార్గానిక్ ఫారిన్ మ్యాటర్' 1 శాతం, తాలు, గడ్డి లాంటి 'ఆర్గానిక్' సరుకు మరో 1 శాతం. 'డ్యామేజ్డ్, డిస్‌కలర్డ్, స్ప్రౌటెడ్, వీవిల్డ్' గింజలన్నీ కలిపి 5 శాతం. ఈ నాలుగు మాటల వరుస గమనించదగింది. స్ప్రౌటెడ్ అంటే మొలకెత్తినది, వీవిల్డ్ అంటే పురుగు తిన్నది. ఈ రెండూ గింజకు ఏమైందో చెబుతున్నాయి. డిస్‌కలర్డ్ మాత్రం ఏమైందో చెప్పదు, ఎలా కనబడుతోందో చెప్పి ఊరుకుంటుంది. పత్రికలు దాన్ని 'రంగు మారిన ధాన్యం' అని తెలుగులో పెట్టాయి. అనువాదం సరిగానే ఉంది, కానీ మూలంలోని లోటు కూడా దానితోపాటే వచ్చేసింది.

అదే గింజను కల్లం దగ్గర రైతు ఒక్క మాటతో చెప్పడు. అరచేతిలో గుప్పెడు వడ్లు పోసుకొని, ఊది, తాలు ఎగరగొట్టి, మిగిలినవాటిని బొటనవేలితో పక్కకు జరుపుతూ చూస్తాడు. పొట్టు మీద చిన్న గోధుమ రంగు చుక్కలుంటే అది గింజమచ్చ తెగులు. పొట్టు నల్లగా మాడినట్టుండి లోపల పాలు పట్టకపోతే కంకినల్లి మీద అనుమానం. గింజ చోట ఆకుపచ్చ, పసుపు కలిసిన బంతిలా ఉబ్బి, చివరికి నల్లని పొడి రాలితే అది మానిపండు తెగులు. ఆ పొడి పక్క గింజలకు అంటుకుంటుంది, ఆ పక్క గింజలకు మాత్రం రోగం లేదు. వానకు తడిసిన కుప్పవైతే వేరే మాటలు వస్తాయి: 'వడ్లు నల్లబడ్డయ్', 'బూజుపట్టినయ్', 'మొలకొచ్చినయ్'. వాసన వస్తే 'ముక్కినయ్'. దేనికీ పనికిరాని దశకు చేరితే ఉర్దూ నుంచి వచ్చిన 'ఖరాబైనయ్'.

ఈ మాటలన్నిటినీ కలిపే లక్షణం ఒకటుంది. ప్రతి మాటా మరక ఎక్కడి నుంచి వచ్చిందో పట్టి చూపిస్తుంది. తెగులా, నల్లా, వానా, కుప్పలో పుట్టిన వేడా అన్నది మాట వినగానే తెలుస్తుంది. దాన్నిబట్టి ఏం చేయాలో కూడా తెలుస్తుంది. తడిసిన వడ్లను ఆ పూటే పల్చగా ఆరబోస్తే చాలావరకు దక్కుతాయి. కుప్పలోనే ఉంచితే గింజల శ్వాసతో, బూజుతో లోపల వేడి పుట్టి బియ్యం పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ తర్వాత ఎంత ఎండబెట్టినా తెల్లబడదు. గింజమచ్చ సంగతి అలా కాదు, అది పొలంలోనే పడి వచ్చింది. పొట్టు వరకే ఉంటే మిల్లులో పొట్టుతో పోతుంది, లోపలికి దిగితే బియ్యంలో కనబడుతుంది. ఇన్ని వేర్వేరు గతులున్న గింజలు 'డిస్‌కలర్డ్' అన్న ఒకే గడిలో పడిపోతున్నాయి. తరుగు ఎంత తీయాలన్న వాదన వచ్చినప్పుడు రైతు కారణం చెబుతాడు, అవతలివాళ్లు గడి చూపిస్తారు. కొనుగోలు కేంద్రాల్లో తరుగు మీద ఏటా రేగే గొడవల్లో తూకం, తేమ, డబ్బు అన్నీ ఉన్నాయి, నిజమే. వాటిలో ఒక పాలు ఈ మాటల తేడాది కూడా అని నా అభిప్రాయం.

మిర్యాలగూడ మిల్లుల్లో ఈ చిక్కు మరో రూపంలో కనిపిస్తుంది. యాసంగి వడ్లు ఎండలకు లోపల పగిలి, పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ అవుతాయి. అందుకే వాటిని నానబెట్టి, ఆవిరి పట్టించి బాయిల్డ్ రైస్ చేస్తారు. ఈ పద్ధతిలో పొట్టులోని, తవుడులోని రంగు కొంత గింజలోకి దిగుతుంది, వేడి పెరిగినకొద్దీ బియ్యం ముదురు రంగు తేలుతుంది. అంటే ఇక్కడ రంగు మారడం తయారీలో భాగం. అది గమనించే కాబోలు, ప్రమాణాల్లో రంగు మారిన గింజలకు పచ్చి బియ్యంలో 3 శాతం ఇచ్చిన చోట బాయిల్డ్ బియ్యానికి 5 శాతం ఇచ్చారు. కారణాన్ని మాటలో చెప్పలేక అంకెలో సర్దారన్నమాట.

దీన్నిబట్టి ఇంగ్లీషు పేద భాష అనుకోకూడదు. సూటీ అంటే మసిబారినది, మడ్డీ అంటే బురదైనది, గ్రీజీ అంటే జిడ్డోడుతున్నది, మోల్డీ అంటే బూజుపట్టినది. ఈ మాటలన్నీ కారణాన్ని మోసేవే. తెలుగులోనూ మరక, మచ్చ, డాగు అన్నవి కారణం చెప్పని మాటలే. తేడా రెండు భాషల మధ్య కన్నా పని చేసేవాడి మాటకూ లెక్క రాసేవాడి మాటకూ మధ్య ఉంది. ఈ ప్రాంతంలో లెక్క ఇంగ్లీషులో రాస్తున్నారు, పని తెలుగులో చేస్తున్నారు. ఆ రెండు వరుసలూ రెండు భాషలుగా కనబడటానికి కారణం అదే.

పళ్ల విషయానికి వస్తే తక్కెడ రెండో వైపు మొగ్గుతుంది. ఇక్కడ మోసం చేసింది మన మాటే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద కనిపించే గోధుమ చారలను నల్లగొండ ప్రాంతంలో 'గారపళ్లు' అనే అన్నారు. గార పైన పేరుకునేది, గీకితే ఊడేది. ఫ్లోరైడ్ మరక పంటి పింగాణీ తయారవుతున్నప్పుడే, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు వయసులో, లోపల ఏర్పడేది. బొగ్గుతో తోమినా, ఇటుకపొడితో తోమినా పోదు. గార అన్న పేరు వల్ల ఆ పిల్లలకు పళ్లు సరిగా తోముకోరన్న నింద కూడా మిగిలింది. ఇది నన్ను బాధపెట్టే సంగతి. నీటి దోషాన్ని పిల్లల శుభ్రత మీద మోపిన పేరు అది.

వైద్యుల ఇంగ్లీషు కూడా ఇక్కడ మొదట్లో తడబడింది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు వచ్చిన పళ్ల డాక్టరు ఫ్రెడరిక్ మెకే అక్కడివాళ్ల పళ్లను చూసి, ఆ ప్రాంతం పేరుతోనే 'కొలరాడో బ్రౌన్ స్టెయిన్' అని పిలుస్తున్న మరకను పరిశోధించాడు. తర్వాత 'మాటిల్డ్ ఎనామెల్' అన్న పేరు స్థిరపడింది. మచ్చలు పడ్డ పింగాణీ అని దానర్థం. అదీ రూపమే చెప్పింది. 1931లో రసాయన శాస్త్రవేత్త హెచ్.వి. చర్చిల్ నీటిలో ఫ్లోరైడ్‌ను గుర్తించాకే కారణం తేలింది, ఆ తర్వాతే 'ఫ్లోరోసిస్' అన్న పేరు నిలబడింది. మన వైపు షార్ట్, ఆయన సహచరులు 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని కేసులను ప్రకటించారు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పేరులోకి కారణం చేరగానే దృష్టి పంటి నుంచి బావి వైపు మళ్లింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని నీరి పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి పెట్టిన పేరు 'నల్లగొండ టెక్నిక్'.

వడ్ల విషయంలో అలాంటి మార్పు ఇంకా జరగలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలదే. రైతు మాటను శాస్త్రీయంగా సేకరించవచ్చని అది చూపించింది. అదే పద్ధతిలో కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ కల్లాల్లో వాడే గింజ మాటలను నమూనాలతో సహా సేకరించాలి. కొనుగోలు కేంద్రంలో వడ్లు తిప్పి పంపినప్పుడు రాసే కాగితం మీద 'రంగు మారినది' అన్న గడి పక్కన ఇంకో గడి ఉండాలి: తెగులు వల్లనా, నల్లి వల్లనా, కోతకు ముందు వానకా, కుప్పలో తడిసా. ఆ రెండో గడిని రైతు ఎదుటే, రైతు మాటతోనే నింపాలి. వడ్లు కేంద్రానికి వచ్చాక, తూకం ఆలస్యమై కుప్పలో తడిసి ఉంటే, ఆ కారణం కూడా అక్కడే నమోదవుతుంది.