కరీంనగరమునుండి మార్లవాయికి: ఒక దారి చరిత్ర

మన పాఠశాలలలో చరిత్ర చదువు బాలురను రోమకుల రాజమార్గములను గూర్చి యడిగినచో తడుముకొనక చెప్పుదురు. తమ యూరిముందుగా సాగిపోవు దారిని ఎవరు వేసిరి, ఎందులకు వేసిరి, అది పడకముందు జనులు ఏ త్రోవన నడచిరి అని యడిగినచో నేలచూపులు చూతురు. దోషము బాలురది కాదు, మావంటి యుపాధ్యాయులది. పాఠ్యపుస్తకమున లేనిదానిని మేమును చెప్పము గదా!

ఐరోపాఖండమున ఆల్ప్సు పర్వతముల నడుమ ఆడిజే యను నది కలదు. దాని లోయలో కొండవాలులపై ద్రాక్షతోటలును, చదునునేలపై ఆపిలుతోటలును ఎడతెగక వ్యాపించియున్నవి. క్లాడియసు చక్రవర్తి క్రీ.శ. 46, 47 సంవత్సరములలో పూర్తిచేయించిన రాజమార్గము ఆ లోయగుండనే పోయినది. సేనలు నడచిన ఆ త్రోవ వెంట నేడు సైకిలు యాత్రికులు సంచరించుచున్నారు. ఆ తోటలున్న నేలలో చాలభాగము 19వ శతాబ్దమున నదికి గట్లు వేసి త్రోవ సరిచేయువరకు వట్టి చిత్తడినేల. మాకు ఆ దేశమును కన్నులార చూచు భాగ్యము కలుగలేదు; పటములలోను పుస్తకములలోను చూచితిమి. చూచినప్పుడెల్ల మాకు జగిత్యాల మామిడితోటలును, వాని కావల గోదావరియు, గోదావరి కావల ఆదిలాబాదు కొండలును జ్ఞప్తికి వచ్చుచుండెను. పరదేశపు దారిని అంత శ్రద్ధతో చదివిన మనము మన లోయను ఏల చదువరాదని తోచి, గడచిన ఫాల్గుణమున మేమును, మావద్ద చదివి వెడలిన యిద్దరు యువకులును సైకిళ్లపై కరీంనగరమునుండి మార్లవాయివరకు పోయితిమి. రెండువందల కిలోమీటర్లకు అటునిటుగా నుండును. యువకులవి గేర్లుగల క్రొత్త బండ్లు; మాది పాలమనుష్యులు వాడు బరువైన పాతబండి. ఈ భేదము ముందుముందు మాకు బాగుగ తెలిసివచ్చినది.

కరీంనగరమును గూర్చి యెక్కువ చెప్పనక్కరలేదు. పూర్వము జిల్లాకు ముఖ్యస్థానము మానేరుతీరమున నున్న ఎలగందుల. 1905లో ఆ గౌరవము కరీంనగరమునకు వచ్చినది. ఎలగందుల కోట మాత్రము కొండపై నిలిచియున్నది. గంగాధర దాటి, కొండగట్టు ఆంజనేయస్వామికి క్రిందినుండియే నమస్కరించి, మిట్టమధ్యాహ్నమునకు జగిత్యాల చేరితిమి.

జగిత్యాలకోట నక్షత్రాకారమున కట్టబడినది. 18వ శతాబ్దమున ఫ్రెంచి ఇంజనీర్ల సాయమున కట్టినదని చెప్పుదురు. కోటలకన్న మా కన్నులకు తోటలే యెక్కువగా కనబడినవి. రోడ్డున కిరువైపుల మామిడిచెట్లు పిందెలతో బరువెక్కియుండెను. బంగినపల్లి, దసేరి, తోతాపరి, హిమాయతు రకములు ఈ ప్రాంతమున పండును; చైత్రవైశాఖములందు చల్‌గల్ బజారునుండి లారీలలో ఉత్తరదేశమునకు పోవును. 1963లో నెహ్రూ పోచంపాడువద్ద శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగరు ప్రాజెక్టు కాకతీయకాలువ ఈ సీమగుండ పోవుచున్నది. కాలువ వచ్చినపిమ్మట బావులలో ఊట పెరిగినది. వరియు, పసుపును, తోటలును విస్తరిల్లినవి. ఆడిజేలోయలో నదికి గట్లు వేసినందున తోటలు కలిగినట్లే, ఇచ్చట నదికి అడ్డుకట్ట వేసినందున సీమ రూపు మారినది. తోటల నీడ మాత్రము రోడ్డుమీద పడుట లేదు. వెనుక బండ్లవారు ఎడ్లను విప్పి వంటచేసికొన్న చింతచెట్లు రోడ్డు వెడల్పుచేయునప్పుడు చాలచోట్ల కూలినవి. లారీలో పోవువానికి ఆ చెట్లతో పనిలేదు. సైకిలుమీద పోవువానికి ఒంటిగంట యెండలో వాని విలువ తెలియును.

ధర్మపురి చేరుసరికి సంజవేళ యయ్యెను. గోదావరి యిచ్చట దక్షిణముఖముగ ప్రవహించును. అందుచేత క్షేత్రమునకు మహిమ హెచ్చు. 2015 పుష్కరములలో ఈ రేవులందు ఇసుకవేసిన రాలనంత జనము స్నానమాడిరి. చరిత్రకారునికి మాత్రము రేవనగా స్నానఘట్టము మాత్రమే కాదు, దాటుచోటు. వంతెనలు లేని కాలమున వేసవిలో మోకాలిలోతు నీటిలో బండ్లు దాటెను. వానకాలమున పడవయే గతి. వరద వచ్చెనా, ఆవలిగట్టు పరదేశమే. ఉత్తరతీరపు ఆదిలాబాదు సీమ అంతకాలము అడవిగనే నిలుచుటకు ఈ నీరును ఒక కారణమని మా యభిప్రాయము. రాయపట్నమువద్ద వంతెన పడినపిమ్మట నది దాటుట నాలుగు నిమిషముల పని యైనది.

వంతెన దాటకముందు త్రోవ తప్పి కోటిలింగాలకు పోయితిమి. తెలిసియే తప్పితిమని ఒప్పుకొందుము. పెద్దవాగు గోదావరిలో కలియుచోట నున్న యీ చిన్నయూర శాతవాహనవంశ మూలపురుషుడగు సిముకుని నాణెములును, అంతకు ముందటివారగు గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోపుల నాణెములును దొరకినవి. తెలుగునేల చరిత్రకు ఇంతటి పాత సాక్ష్యము అరుదు. రెండువేల యేండ్లకు పూర్వము ఇచ్చట రాజులు నాణెములు చలామణిచేసిరనగా వర్తకులు ఈ రేవున దాటిరనుటయే. శ్రీపాద యెల్లంపల్లి ప్రాజెక్టు నీరు వెనుకకు తన్ని ఆ ప్రాచీనస్థలమున కొంతభాగమును ముంచినది. పొలములకు నీరు వలదని మేమనము. త్రవ్వి చూడవలసినదంతయు చూచినపిమ్మట ముంచియుండిన బాగుండెడిదని మాత్రమందుము.

లక్సెట్టిపేటనుండి జన్నారమువరకు దారి చదును. ఎడమవైపున గోదావరి పొలములు, కుడివైపున అడవి. 2012లో ప్రకటింపబడిన కవ్వాల పులుల అభయారణ్యము ఇచ్చటనే. మోదుగులు ఎఱ్ఱగా పూచియుండెను. జన్నారమునకు ముందు మా బండి ట్యూబునకు ముల్లు దిగినది. పంచరు వేసిన కుఱ్ఱవాడు మా వయస్సును, మా బండి వయస్సును చూచి, ఉట్నూరుదాక బస్సున పొమ్మని సలహా చెప్పెను. వినలేదు. తరువాత ఎక్కుడుమలుపులలో రెండుచోట్ల దిగి నడిపించుకొని పోయితిమి.

నడచుటవలన ఆలోచించుటకు వ్యవధి దొరకినది. ఇంతవరకు మేము దారిని మేలుగనే యెంచుచు వచ్చితిమి: దారి పడెను, పంట బజారునకు పోయెను, యాత్రికుడు క్షేత్రమునకు చేరెను. ఈ యెక్కుడున ఆ లెక్క తిరుగబడినది. ఈ కొండలు గోండులవి; చాందాగోండురాజుల పాలన యిచ్చటికి వ్యాపించియుండెను. గోండు రైతు తరతరములుగ దున్నిన భూమికి కాగితము లేదు. అతడు దానిని అడుగనులేదు. 20వ శతాబ్దారంభమున దారులు బాగుపడి, 1929లో కాజీపేట బల్లార్షా రైలుమార్గము పూర్తియైన పిమ్మట, కాగితము విలువ తెలిసిన మైదానపు రైతులును, వడ్డీవర్తకులును ఆ దారులవెంటనే పైకి వచ్చిరి. ఒకవైపు పట్టాలు పరుల పేర నెక్కెను. మరియొకవైపు అటవీశాఖ హద్దురాళ్లు పాతి ఊళ్లను ఖాళీచేయించెను. మా తాతముత్తాతలవంటి మైదానపువారికి ఉన్నతి తెచ్చిన దారియే గోండునకు నేల తప్పించినది. ఈ మాట వ్రాయుట మాకు సుఖము కాదు, కాని వ్రాయక తప్పదు.

1940లో కుమ్రం భీము తనవారితో జోడేఘాటువద్ద పోలీసు తూటాలకు కూలెను. అటుపిమ్మట నిజాము ప్రభుత్వము గోండుల అలజడికి కారణమేమని విచారించుటకు క్రిస్టఫు ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫు అను పండితుని పంపెను. ఆతడు 1909లో వియన్నాలో, అనగా ఆల్ప్సుసీమలో, పుట్టినవాడు. యుద్ధకాలమున శత్రుదేశపు పౌరుడగుటచే ఇంగ్లీషువారు ఆతనిని హైదరాబాదు రాజ్యము దాటనీయలేదు. ఆ నిర్బంధము గోండులకు మేలైనది. ఆతడును, భార్య బెట్టీయును మార్లవాయిలో గుడిసె వేసికొని యుండిరి. ఆతని సిఫారసులవలన వేలకొలది గోండు కుటుంబములకు పట్టాలు వచ్చెను. కేస్లాపురు నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల మొరలు వినెడి దర్బారు ఆ దశాబ్దముననే మొదలైనది, నేటికిని జరుగుచున్నది.

ఉపాధ్యాయులమగుటచే మాకు వీనికన్న 1943లో మార్లవాయిలో తెరచిన గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము గొప్పగ తోచినది. పిల్లవానికి మొదటియక్షరములు వాని యింటిమాటలోనే నేర్పవలెనని గోండీభాషలో వాచకములు నాగరిలిపిలో అచ్చువేయించిరి. తరువాతికాలమున ఆ పద్ధతి నిలువలేదు. పట్టాలును అందరియొద్ద నిలువలేదు. 1981 ఏప్రిలు 20వ తేదీన ఇంద్రవెల్లిలో భూముల కొఱకు కూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. అధికారుల లెక్కకు 13 మంది చనిపోయిరి. జనుల లెక్క అంతకు ఎన్నియో రెట్లు. 1940నకును 1981నకును నడుమ రాజ్యము మారినది, దారులు తారుదారులైనవి.

మార్లవాయిలో బెట్టీ సమాధి కలదు. ఆమె 1987లో చనిపోగా ఇచ్చటనే పాతిపెట్టిరి. హైమెన్‌డార్ఫు 1995లో లండనులో మరణింపగా, 2012లో ఆతని అస్థికలను తెచ్చి ఆమె ప్రక్కనే ఉంచిరి. మేము పోయినప్పుడు ఒక వృద్ధగోండు మాకు మంచినీరిచ్చి, "మీరేవూరి సార్లు?" అని యడిగెను. చెప్పితిమి. "సైకిలుమీదనా!" అని నవ్వి, తన మనుమని పిలిచి, ఇంటిలో గోండీ పలుకు ఆ బాలునిచేత తెలుగువాచకము చదివించి వినిపించెను. బాలుడు రెండు పుటలు తడుముకొనక చదివెను. అందులో ఈ దారిని గూర్చి గాని, ఆ యూరిని గూర్చి గాని ఒక్కవాక్యమైనను లేదు. మా వెంట వచ్చిన యువకులలో నొకడు ఆ రాత్రి కందీలువెలుతురున వృద్ధుని యడిగి, మార్లవాయినుండి జన్నారమువరకు దారివెంట నున్న ఊళ్లపేళ్లను, గోండులు వానిని పిలుచు పేళ్లతో సహా, తన నోటుపుస్తకమున వ్రాసికొనెను.