గుహావాస గబ్బిలముల కపాలమానములు: ఒక తులనాత్మక పరిశీలన

విజయనగరమునుండి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి కొండలెక్కిన, సముద్రమట్టమునకు దాదాపు 700 మీటర్ల యెత్తున, గోస్తనీ జలములు యుగయుగములుగా సున్నపురాతిని కరగించి తొలిచిన బొర్రా గుహలు కనబడును. యాత్రికులు అచ్చటి శివలింగాకృతులను చూచి తృప్తిపడి మరలిపోవుదురు. జంతుశాస్త్రజ్ఞుని దృష్టి మాత్రము గుహ కప్పును పట్టి వ్రేలాడు గబ్బిలముల గుంపులపై నిలుచును. వానిలో ముఖ్యమైనది రౌసెట్టస్ లెషెనాల్టీ యను ఫలాహారి. దాని ముంజేయి సుమారు 8 సెంటీమీటర్లు. కపాలము 4 సెంటీమీటర్లకు లోపు. ఈ జాతి దక్షిణదేశమున పెక్కుచోట్ల గుహలయందును, పాడుపడిన కట్టడములయందును నివసించును. ఒకదానికొకటి దూరమైన గుహలలోని గుంపుల కపాలములు భిన్నములగునా, అగునేని ఆ భేదమునకు దేశమే కారణమా యను విషయమును నిర్ణయించు మార్గమును విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

కపాలమున సాధారణముగా గ్రహించు కొలతలు కొన్ని గలవు: గరిష్ఠ దైర్ఘ్యము, చెక్కిటియెముకల నడిమి వెడల్పు, మెదడుగూటి వెడల్పు, కనుగూళ్ల వెనుకటి యిఱుకు, పైదవడలో కోఱ మొదలు కడపటి దంతము వఱకుగల నిడివి, క్రిందిదవడ పొడవు. ఫలాహారుల కపాలములే యింత చిన్నవికాగా, పురుగులను తిని బ్రదుకు హిప్పోసిడెరోస్ స్పియోరిస్ వంటి వాని కపాలములు మఱింత చిన్నవి. వానియందు అర మిల్లీమీటరు పొరపాటు సామాన్యమైనది కాదు. కాలిపర్స్ మొనలను ఒకరు గట్టిగా నొక్కుదురు, వేఱొకరు సుతారముగా ఆనింతురు. కావున ఒకే కపాలమును ఒకే హస్తము వేర్వేఱు దినములలో మరల కొలిచి, ఆ తేడా యెంతయో ముందుగా నిర్ణయింపక, గుంపుల నడిమి తేడాను గూర్చి పలుకుట సాహసమగును.

వయస్సును, లింగమును విడదీయుట రెండవ కర్తవ్యము. రెక్కను దీపమునకు ఎదురుగా చాచి చూచిన, పిల్లగబ్బిలముల వ్రేళ్ల కీళ్లయొద్ద మృదులాస్థి కాంతిని చొరనిచ్చి పలుచగా తోచును. పెరిగినవాని కీళ్లు గట్టిపడి గుండ్రనై యుండును. ఈ పరీక్ష చేయక పిల్లలను పెద్దలను కలిపి తీసిన సగటు ఏ గుహకును చెందినది కాదు.

ఇక కొలతల సమన్వయము. కపాలము పొడవైనచో దవడయు పొడవగుట సహజము. అట్టి పరస్పరబద్ధములైన కొలతలను వేర్వేఱు సాక్ష్యములుగా లెక్కించిన, ఒకే భేదమును పలుమాఱులు లెక్కించినట్లగును. ఈ దోషమును తొలగించు దూరమానమును గణాంకశాస్త్రజ్ఞుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1936లో ప్రతిపాదించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1946–48 నడుమ కేంబ్రిడ్జిలో, సూడానులోని జెబెల్ మోయా శ్మశానవాటికలో బయల్పడిన ప్రాచీన మానవాస్థుల కొలతలకు ఇట్టి బహుచరరాశి విశ్లేషణమును అన్వయించి, జీవవర్గీకరణమున దాని ప్రయోజనమును స్థిరపఱచిరి. విశాఖతీరమున చదువుకొన్న విద్వాంసుడు పదునుపెట్టిన ఈ సాధనము మన కొండగుహల గబ్బిలములకు అన్వయింపదగినదే.

అయినను కపాలమే సర్వము కాదు. రైనోలోఫస్ రూక్సీ యని చిరకాలము ఒక్కటిగా తలపబడిన గుఱ్ఱపులాడపు గబ్బిలములలో, రూపమున అతిసన్నిహితమై ధ్వనిలోను జన్యువులలోను వేఱైన యింకొక జాతి యున్నదని నిరూపితమై, దానికి 2012లో ఇండోరూక్సీ యని పేరిడబడినది. కావున ధ్వనిముద్రణము, జన్యుపరీక్ష కపాలమానమునకు తోడుకావలెను.

బొర్రాతో పోల్చదగినవి నంద్యాల జిల్లాలోని బిల్లసర్గం గుహలు; వానిలో భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు 19వ శతాబ్దమున త్రవ్వితీసిన అస్థులలో గబ్బిలములవియు గలవు. అచ్చటి పొడినేలకును బొర్రా తేమకొండకును గల వ్యత్యాసము గబ్బిలముల కపాలములపై ముద్రవేసినదో లేదో తేల్చుటకు ప్రాణులను చంపనవసరము లేదు. గుహలలో సహజముగా మృతినొందిన వాని కపాలములను స్థలము, తేదీ, లింగము, వయస్సు లిఖించి భద్రపఱచుటయు, సజీవములను పట్టి ముంజేయి కొలిచి విడుచుటయు చాలును. మన కళాశాలల జంతుశాస్త్రశాఖలు ఈ పనికి పూనుకొనవలెను.