పెన్న ఇసుక, సాగరపుటడుగు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమవారికి సముద్రగర్భ చరిత్రతో పనేమిటని చదువరులు అడుగవచ్చు. పని ఉన్నది. హిందూపురం వైపునుండి ఆంధ్రదేశంలో ప్రవేశించే పెన్న, ధర్మవరం మీదుగా సాగి గండికోట ప్రాంతంలో దానిని చేరే చిత్రావతి, పెనుకొండ గుట్టలపై కురిసే వాన, ఇవన్నీ మన రాతికొండలను అరగదీసి, ఆ రేణువులను నెల్లూరుసీమ దాటించి బంగాళాఖాతంలో కలిపినవే.

సముద్రపుటడుగున ఏమున్నదో తెలుసుకొనే యత్నం నావికులది. సీసపు గుండు అడుగున గుంట తొలిచి, అందులో పశువుల కొవ్వు నింపి, తాటితో నీటిలోనికి దింపేవారు. కొవ్వుకు అంటుకొని వచ్చినది ఇసుకో, బురదో, గవ్వలో చూసి లంగరు వేసే చోటు నిర్ణయించుకొనేవారు. 1872–76 నడుమ సాగరాలను చుట్టిన ఛాలెంజర్ నౌక తెచ్చిన నమూనాలను ముర్రే, రెనార్ అనే పండితులు పరిశీలించి 1891లో బృహద్గ్రంథం వెలువరించారు. ఆ విధంగా నావికుల అనుభవం శాస్త్రమైనది.

మన తీరాన ఆ కృషికి విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పూనుకొన్నది. 1952 ప్రాంతంలో భూగర్భశాస్త్రాచార్యులు సి. మహాదేవన్, అమెరికానుండి వచ్చిన లాఫాండ్ నౌకాదళపు ఓడల సాయంతో పరిశోధనలు నడిపారు. తూర్పుతీరపు అడుగుమట్టిపై మహాదేవన్, పూర్ణచంద్రరావుల అధ్యయనం 1954లోను, ఎం. సుబ్బారావు అధ్యయనం 1964లోను వెలువడినవి. ఒడ్డుకు చేరువలో నదులు తెచ్చిన ఒండ్రు, బంకమన్ను. ఖండతీరపు అంచు వెలుపలి భాగాన మాత్రం ముతక ఇసుక, సున్నపు రేణువులు. ఆ ఇసుక నేటిది కాదు, సముద్రమట్టం ఎంతో దిగువన ఉన్న పూర్వయుగపు తీరానిది. విశాఖకు ఎదురుగా నీటిలో మునిగియున్న ఒక లోయకు మహాదేవన్ పేరే నిలిచినది.

రెండు మిల్లీమీటర్లకు మించనిది ఇసుక, 0.0625 కంటె సన్ననిది ఒండ్రు, 0.004 కంటె సన్ననిది బంకమన్ను. ఈ భేదాన్నిబట్టే ఏ జీవి ఎచ్చట నివసించునో, తంతులు ఎచ్చట పరచవచ్చునో, గాలిమరలకు పునాది ఎచ్చట నిలుచునో తేలుతుంది. అందుకే సాగర ప్రణాళికకు అడుగుమట్టి పటం ఆధారం. 2019లో భారత, నార్వే దేశాలు ఇట్టి ప్రణాళికకై చేతులు కలిపి పుదుచ్చేరి, లక్షద్వీపాలను తొలుత ఎంచుకొన్నవి.

అయితే పటానికి ఒక ఎగువభాగం కూడా ఉన్నది. సోమశిల వంటి జలాశయాలు ఇసుకను నిలిపివేస్తాయి. ఏటిగర్భాల తవ్వకాలు మిగిలినదానిని తరలిస్తాయి. నీటికి, పంటకు ఆనకట్టలు అవసరమే, కాదనలేము. కాని రావలసిన ఇసుక రాకుంటే అలలు తీరాన్నే కోస్తాయి, నిన్న గీసిన పటం రేపటికి చెల్లదు. సాగర ప్రణాళిక రచించేవారు పెన్న ముఖద్వారం వద్ద ఆగక, చిత్రావతి ఇసుకతిన్నెల దాకా వచ్చి చూడవలెనని నా మనవి.