ఒక కొండకి రైలొచ్చింది, ఇంకో కొండకి రాలేదు

జూరిక్‌కి ఆన్‌సైట్ వెళ్లిన మనవాళ్లలో యుంగ్‌ఫ్రావ్ చూడకుండా తిరిగొచ్చినవాళ్లు నాకైతే ఇంతవరకూ తగల్లేదు. స్వెటర్ మీద స్వెటర్ తొడిగి, మంచులో నిలబడి, పక్కన స్విస్ జెండా పడేలా తీయించుకున్న ఫొటో లేకపోతే ఆ ఆన్‌సైట్ లెక్కలోకే రాదు. నేనూ వెళ్లాను, నా దగ్గరా ఉంది ఆ ఫొటో. కానీ అక్కడ నన్ను పట్టేసింది మంచు కాదు, ఆ రైలు. 3454 మీటర్ల ఎత్తులో రైల్వే స్టేషన్ ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అని చదువుకుంటూ పోతే, కట్టకుండా ఆగిపోయిన ఇంకో రైలు కథ కూడా దొరికింది. నిజం చెప్పాలంటే ఆ రెండోదే నాకు ఎక్కువ నచ్చింది.

ఇవాళ స్విట్జర్లాండ్ అంటే డబ్బున్న దేశం అనుకుంటాం గానీ, ఒకప్పుడు ఆ కొండ ఊళ్లు బీద ఊళ్లు. తిండికి చాలక మగపిల్లలు పరాయి రాజుల సైన్యాల్లో కూలికి యుద్ధాలు చేసేవాళ్లు. మంచుకొండలంటే ఊళ్లోవాళ్లకి ముచ్చట కాదు, భయం. ముచ్చటపడింది ఇంగ్లీషువాళ్లు. 1857లో లండన్‌లో ఆల్పైన్ క్లబ్ పెట్టారు. 1863లో థామస్ కుక్ తన మొదటి స్విస్ టూర్ నడిపాడు. ఆ బృందంలో వెళ్లిన జెమైమా మోరెల్ అనే ఆవిడ డైరీ రాసుకుంది కాబట్టి, ప్యాకేజీ టూర్ తొలిరోజులు ఎలా ఉండేవో మనకి తెలుస్తోంది. (మన ట్రావెలాగ్‌లు రాసేవాళ్లందరికీ ఆవిడ ముత్తవ్వ అన్నమాట.)

రెండేళ్లకి, 1865 జులై 14న, ఎడ్వర్డ్ వింపర్ బృందం మాటర్‌హార్న్ శిఖరం ఎక్కింది. ఎక్కినవాళ్లు ఏడుగురు. దిగేటప్పుడు తాడు తెగి నలుగురు పడిపోయారు. ఆ వార్త యూరప్ అంతా పాకింది. దాంతో జనం భయపడి రావడం మానేస్తారనుకుంటాం కదా, జరిగింది సరిగ్గా తలకిందులు. కొండ కింద ఉన్న జెర్మాట్ అనే చిన్న ఊరి పేరు అందరి నోళ్లలోనూ నానింది, హోటళ్లు లేచాయి. చావు కూడా పబ్లిసిటీ అవుతుందని ఆ ఊరికి అప్పుడే అర్థమయుంటుంది.

ఇక రైలు సంగతికొస్తాను. అడాల్ఫ్ గుయర్-జెల్లర్ అని జూరిక్‌లో ఒక నూలు మిల్లుల యజమాని. 1893 ఆగస్టులో కొండల్లో నడుస్తుంటే ఈ ఆలోచన తట్టింది, ఆ రాత్రే కాగితం మీద దారి గీసేశాడు. ఐగర్, మోన్ష్ అనే రెండు కొండల కడుపులోంచి సొరంగం తవ్వి యుంగ్‌ఫ్రావ్ శిఖరం దాకా వెళ్లాలని ప్లాను. మొదట్నించీ కరెంటు రైలే. బొగ్గు పొగతో సొరంగంలో ఏడు కిలోమీటర్లు పోవడం కుదిరే పని కాదు కదా. 1896లో పని మొదలుపెట్టారు, ఏడేళ్లలో అయిపోతుందన్నారు.

పదహారేళ్లు పట్టింది! ప్రాజెక్టు ప్లాన్ చదువుతుంటే నాకు ఎక్కడో చూసినట్టే అనిపించింది. డబ్బు చాల్లేదు. 1899లో స్పాన్సర్ గారే పోయాడు. స్కోప్ కోసేశారు, శిఖరం దాకా అనుకున్నది రెండు శిఖరాల మధ్య ఉన్న కనుమ దగ్గర ఆపేశారు. ఉన్న డబ్బుతో మధ్యమధ్య స్టేషన్లు తెరిచి, టిక్కెట్లమ్మి, ఆ డబ్బుతో ముందుకి తవ్వుకుంటూ పోయారు. ఇప్పుడైతే దీనికి ఫేజ్‌డ్ రిలీజ్ అని పేరు పెట్టేవాళ్లం. మన స్లిప్పేజ్‌కీ దానికీ ఒక్కటే తేడా, అక్కడ మనుషులు చచ్చిపోయారు. తవ్వినవాళ్లు ఎక్కువగా ఇటలీ నుంచి వచ్చిన కూలీలు, 1899లో ఒక పేలుడులోనే ఆరుగురు పోయారు. మొత్తానికి 1912 ఆగస్టు 1న రైలు పైకొచ్చింది. 2015లో మొదటిసారి ఒక్క ఏడాదిలో పది లక్షల మంది ఎక్కారు దాన్ని.

ఇదే ఊపులో మాటర్‌హార్న్ మీదికీ రైలు వేద్దామన్నారు. ఆషామాషీ కబురు కాదది. జెర్మాట్ నుంచి గోర్నర్‌గ్రాట్ దాకా 1898లోనే కరెంటు రైలు నడుస్తోంది, ఇంజినీర్లకి అనుభవముంది. 1906లో దరఖాస్తు పెట్టారు, 4478 మీటర్ల శిఖరానికి సొరంగంలోంచి రైలు. ఈసారి మాత్రం జనం అడ్డం తిరిగారు. అంతకు ముందు ఏడాదే పుట్టిన స్విస్ వారసత్వ పరిరక్షణ సంఘం వద్దంటూ సంతకాలు సేకరిస్తే, దాదాపు 70 వేలు వచ్చాయి. ఇంటర్నెట్ పిటిషన్ కాదు సుమండీ, ఒక్కో సంతకం కాగితం మీద పెట్టించినదే. నిర్ణయం నానుతూ ఉండగానే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, రైలు మాట మళ్లీ ఎత్తలేదు. అదే వేడిలో 1914లో దేశానికి తూర్పు చివర స్విస్ నేషనల్ పార్క్ వచ్చింది. దానికి డబ్బు కూడబెట్టడానికి ఏడాదికో ఫ్రాంక్ చందాతో సభ్యుల్ని చేర్చారు. అక్కడ ఇప్పటికీ దారి దిగి పక్కకి నడవకూడదు, పువ్వు కోయకూడదు, కుక్కని తీసుకెళ్లకూడదు.

ఆ 70 వేల మందిది ఒప్పా అంటే, నా మటుకు నాకు సగమే ఒప్పు. శిఖరం ఎక్కగలిగినవాడికే దక్కాలి, టిక్కెట్టు కొన్నవాడికి కాదు అనే వాదనలో కొంచెం పెద్దమనుషుల పొగరు ఉంది. మోకాళ్ల నొప్పులతో మా వీధి చివరికి నడవలేని మా అమ్మ, 3454 మీటర్ల మీద నిలబడి అలెట్ష్ హిమానీనదాన్ని చూసి ఐదు నిమిషాలు మాట్లాడలేదు. ఆ ఐదు నిమిషాలు వద్దని నేనెలా అనను? కానీ రెండు కొండలకీ రైలు వేసేసి ఉంటే, మూడోదానికి వద్దనడానికి ఏ కారణమూ మిగిలేది కాదు. ఎక్కడో ఒకచోట చెల్లదు అనాలి. అది ఎక్కడనాలో ఇంజినీరు చెప్పలేడు. చెయ్యగలమా అనే ప్రశ్నకి వాడి దగ్గర జవాబెప్పుడూ చెయ్యగలం అనే ఉంటుంది (నాతో సహా).

జెర్మాట్‌ని మరీ దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. పెట్రోలు కార్లు ఊళ్లోకి రానివ్వరు, నిజమే. ఐదు కిలోమీటర్ల కింద టేష్‌లో కారు ఆపుకుని రైల్లో రావాల్సిందే. కానీ అదే ఊరు 1979లో పక్కనున్న క్లైన్ మాటర్‌హార్న్ మీదికి, 3883 మీటర్ల దాకా, కేబుల్ కారు వేసుకుంది. పెద్ద కొండకి వద్దన్నది చిన్న కొండకి సరేనంది.

ఈలోగా మంచే కరిగిపోతోంది. 2022, 2023 రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాలు తమ ఘనపరిమాణంలో పదో వంతు పోగొట్టుకున్నాయి. రోన్ హిమానీనదంలో టూరిస్టుల కోసం తవ్విన మంచు గుహకి చాలా ఏళ్లుగా వేసవిలో తెల్లటి దుప్పట్లు కప్పుతూ వచ్చారు. 2003 వేసవిలో మాటర్‌హార్న్ మీద రాళ్లు ఊడిపడి, పైన ఉన్నవాళ్లని హెలికాప్టర్లతో దించారు. ఆ ఎత్తులో రాతి పగుళ్లని పట్టి ఉంచేది లోపల గడ్డకట్టిన మంచే. ఈ కరుగుడుకి కారణం కరెంటుతో నడిచే ఆ పళ్లపట్టాల రైలు కాదు. హైదరాబాద్ నుంచి మనం ఎక్కే విమానం ఖాతాలో అంతకంటే చాలా ఎక్కువ రాయాలి. ఇంటర్‌లాకెన్‌లో 2016లో యశ్ చోప్రా విగ్రహం పెట్టారంటే, మనం ఏ సంఖ్యలో వెళ్తున్నామో ఊహించుకోవచ్చు.

2023లో జెర్మాట్ దగ్గర మళ్లీ ఒక గొడవ. ప్రపంచ కప్ స్కీ పందెం కోసం థియోడుల్ హిమానీనదం మీద ఎక్స్‌కవేటర్లు పెట్టి తవ్వారు, ఫొటోలు బయటికొచ్చాయి. అనుమతి ఇచ్చిన హద్దు దాటారని వాలే ప్రభుత్వం ఆ భాగంలో పని ఆపించింది. ఆ నవంబరులో వాతావరణం అనుకూలించక పందేలు రద్దయ్యాయి. మరుసటి ఏడాది క్యాలెండర్‌లో ఆ పందెం లేదు.